డేటా పోదంటే ప్యాచ్ వాయిదా వేయొచ్చా? శాక్ ప్యానిక్ మీద డౌట్

అమీర్‌పేట_అడ్మిన్:
అందరికీ నమస్తే. అమీర్‌పేటలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ సర్వర్లు చూస్తుంటాను. పేషెంట్లు రిపోర్టులు డౌన్‌లోడ్ చేసుకునేది ఒక పాత సెంటోస్ 7 (లినక్స్) మిషన్ నుంచి, అది నేరుగా ఇంటర్నెట్‌కి ఓపెన్‌గా ఉంది. స్కాన్ చేయిస్తే సీవీఈ-2019-11477 (శాక్ ప్యానిక్ అనే లినక్స్ లోపం నంబర్) అని ఎర్రగా వచ్చింది. వాల్ట్ రెపో (పాత సెంటోస్ ప్యాకేజీల నిల్వ) పెట్టి, యమ్ అనే అప్‌డేట్ టూల్‌తో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) అప్‌డేట్ చేశాను గానీ రీబూట్‌కి మేనేజర్ గారు ఒప్పుకోవట్లేదు. "డేటా ఏం పోదు కదా, పండగ అయ్యాక చూద్దాం" అంటున్నారు. నిజంగా ఆగొచ్చా?

ప్యాకెట్_రాజు:
అన్నా, లైట్ తీసుకోవద్దు. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే జొనాథన్ లూనీ దీన్ని కనిపెడితే 2019 జూన్ 17న బయటపెట్టారు, 2.6.29 నుంచి అప్పటిదాకా వచ్చిన లినక్స్ కెర్నల్స్ అన్నిట్లో ఉంది. ఏ ప్యాకెట్లు అందాయో అవతలి మిషన్ విడివిడిగా చెప్పడానికే టీసీపీలో (నెట్‌లో డేటా పంపే పద్ధతి) శాక్ ఉన్నది. దాడి చేసేవాడు కనెక్షన్ మొదట్లోనే తన ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో తీసుకునే గరిష్ఠ సైజు) 48 బైట్లే అంటాడు, ఆప్షన్లకు 40 పోను డేటాకి మిగిలేది 8. తర్వాత కావాలని అమర్చిన శాక్‌లు పంపి, కెర్నల్ తన క్యూలోని బఫర్లను ఒకదాంట్లో ఒకటి కలిపేసుకునేలా చేస్తాడు. ఒక బఫర్‌లో 17 ముక్కలు పడతాయి, ఎక్స్86లో ఒక్కోటి 32 కేబీ దాకా. మొత్తాన్ని 8తో భాగించి చూడండి, 69,632 సెగ్మెంట్లు. వాటిని లెక్కపెట్టే ఫీల్డ్ 16 బిట్లే, 65,535 దాటితే ఓవర్‌ఫ్లో అయ్యి కెర్నల్ ప్యానిక్, అంటే మిషన్ మొత్తం ఆగిపోతుంది. లాగిన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, లక్షల రిక్వెస్టులు గుప్పించే పని కూడా లేదు.

రీబూట్_లక్ష్మి:
యమ్ చేసినంత మాత్రాన కొత్త కెర్నల్ నడవదండీ, రీబూట్ కావాలి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చెప్పే యూనేమ్ -ఆర్ కొట్టి చూడండి, పాతదే కనబడుతుంది. ఇంకోటి, 3.10 అన్న కెర్నల్ నంబర్ చూసి కంగారు పడొద్దు, సెంటోస్‌కి ఆధారమైన రెడ్ హ్యాట్ వాళ్లు ఫిక్స్‌ని పాత వెర్షన్‌లోకే తెచ్చి పెడతారు, కాబట్టి ఆర్‌పీఎమ్ ఛేంజ్‌లాగ్‌లో (ప్యాకేజీలో చేసిన మార్పుల జాబితా) ఈ సీవీఈ నంబర్ వెతకండి. మేనేజర్ గారికి ఇది చెప్పండి: కేడంప్ (క్రాష్ వివరాలు సేవ్ చేసే టూల్) లేకుండా, కెర్నల్.ప్యానిక్ సెట్టింగ్ (ప్యానిక్ అయ్యాక ఎన్ని సెకన్లకు రీబూట్ కావాలో చెప్పేది) విలువ 0గా ఉంటే, పడిపోయిన మిషన్ తనంతట తాను లేవదు. పొద్దున్నే షుగర్ రిపోర్ట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న పెద్దాయనకి డేటా భద్రంగానే ఉందంటే ఏం లాభం?

అమీర్‌పేట_అడ్మిన్:
చూశాను, పాతదే నడుస్తోంది. రాత్రికి ఎలాగైనా ఒప్పిస్తాను. అప్పటిదాకా ఏం చేయమంటారు?

ప్యాకెట్_రాజు:
సిస్‌కంట్రోల్ కమాండ్‌తో నెట్.ఐపీవీ4.టీసీపీ_శాక్‌ని 0 చేసి శాక్ ఆపేయండి, వెంటనే పనిచేస్తుంది. ప్యాకెట్లు పోయే లైన్ల మీద డౌన్‌లోడ్ కాస్త నెమ్మదిస్తుంది, పర్లేదు. ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్‌లో 500 కంటే తక్కువ ఎంఎస్ఎస్ అడిగే కనెక్షన్లను డ్రాప్ చేయడం ఇంకో దారి, కానీ అప్పుడు టీసీపీ_ఎంటీయూ_ప్రోబింగ్ (సరిపోయే ప్యాకెట్ సైజును తనే వెతుక్కునే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండాలి. రీబూట్ అయ్యాక శాక్‌ని మళ్లీ 1కి తెచ్చేయండి.

రీబూట్_లక్ష్మి:
ఆ తర్వాత మిషన్ మార్చే పని కూడా పెట్టుకోండి. సెంటోస్ 7కి 2024 జూన్ 30తోనే సపోర్ట్ అయిపోయింది, ఇకముందు బయటపడే వాటికి ఆ వాల్ట్‌లో ప్యాచ్‌లు రావు.