‘పల్లవ ఖాది’: కోయిల చిగురు తింటుందా?

కరకట్ట: పోతనగారి ‘మందార మకరంద’ సీసంలో మూడో పాదం దగ్గర నాలుక తడబడుతోంది. “లలిత రసాల పల్లవ ...యై చొక్కు కోయిల సేరునే కుటజములకు”. లేత మామిడి చిగురుతో సొక్కే కోయిల కుటజాల (కొండమల్లెల) దగ్గరికి పోతుందా అని. ఆ ఖాళీలో ‘ఖాది’యా (తినేది), ‘ఆస్వాది’యా (రుచి చూసేది)? బెజవాడలో మే నెలంతా కోయిల దొరికేది రావి మీద, నరమామిడి మీద. అక్కడ తినేది పండు. చిగురు ముట్టదు. అందుకే ‘ఖాది’ మింగుడుపడటం లేదు.

యతిమైత్రి: ‘ఆస్వాది’ ఛందస్సులో నిలవదండీ. గణాలు విడదీస్తే: లలితర (నల), సాలప (ర), ల్లవఖాది (సల), యైచొక్కు (త). ‘పల్లవాస్వాది’ అంటే మూడో గణం లగగల (లఘువు, గురువు, గురువు, లఘువు) అవుతుంది, అది సీసంలో అక్కడ ఉండాల్సిన ఇంద్రగణం కాదు. ‘పల్లవ స్వాది’ అన్నా స్వా ముందున్న ‘వ’ గురువైపోయి అదే తప్పు. యతి ల–ల్ల రెండింటికీ సరిపోతుంది కాబట్టి చెవికి తేడా తెలియదు. ‘ఖాది’యే.

రసాలతోట: ‘ఆస్వాద’ నోట్లోకి రావడానికి కారణం కాళిదాసు. కుమారసంభవం మూడో సర్గలో “చూతాంకురాస్వాద కషాయకంఠః”. మామిడి మొలక రుచి చూడబట్టే మగకోయిల గొంతు అలా పలికిందని. పోతనగారు ఆ ఆస్వాదాన్ని ఖాదనం చేశారు, పైగా తాచ్ఛీల్యంలో (అలవాటు, స్వభావం అనే అర్థంలో) ‘ణిని’ ప్రత్యయం పెట్టి. ఒకసారి కొరికింది అని కాదు, చిగురు తినడమే దాని శీలం అని. నూజివీడు రసాలు తిన్నవాళ్ళకి ‘రసాలం’ అంటే పండే గుర్తొస్తుంది గాని, ఈ పద్యంలో అది చెట్టు.

వేపనీడ: శీలం అన్నారు కాబట్టి పిట్ట సంగతి చెప్పాలి. ఎదిగిన కోయిలకి ముఖ్యమైన మేత రావి, మర్రి, జువ్వి పళ్ళు. అందరూ అశోకం అనే నరమామిడి కాయ ముదిరి నల్లబడగానే దాని మీద వాలుతుంది. పురుగులూ తింటుంది. కనుక చిగురాకుల్లో ముక్కు పెట్టి కనిపిస్తే అది ఆకు కోసం కాకపోవచ్చు, ఆకు మీది పురుగు కోసం. దూరం నుంచి చూసినవాడికి చిగురు మేస్తున్నట్టే ఉంటుంది. ‘ఖాది’ పుట్టుక అక్కడే అని నా నమ్మకం.

కరకట్ట: అయితే మేలో అంత గోల దేనికి? మామిడి పూత ఎప్పుడో వెళ్ళిపోయిందిగా.

వేపనీడ: గోల పూత కోసం కాదు, కాకి గూళ్ళ కోసం. కాకులు గూడు కట్టే కాలమే దాని పాట కాలం. మగది నల్లనిది, అరుస్తూ కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంది. ఆ సందులో ఆడది గూట్లో గుడ్డు పెడుతుంది. కోయిల గుడ్డు 12–14 రోజుల్లో పగులుతుంది, కాకిది 16–17 పడుతుంది. ఆ ముందు రోజులే పిల్లకి పెట్టుబడి. చాలా కోకిలజాతి పిల్లలు తోటి పిల్లల్ని గూట్లోంచి తోసేస్తాయి గాని, ఇది తోసేయడం అరుదు. కాబట్టి గూడు కింద కాకిపిల్ల పడి లేదని, ఆ గూట్లో కోయిల లేదనుకోకూడదు. ఆడకోయిలను గుర్తించడంలోనూ పొరపాటు జరుగుతుంది. ఒళ్ళంతా గోధుమరంగు మీద తెల్లచుక్కలు, కన్ను ఎరుపు. ‘కిక్ కిక్ కిక్’ అంటుంది తప్ప ‘కూ’ అనదు.

యతిమైత్రి: అమరకోశంలో ఈ కథంతా ఒక్క అక్షరంలో ఉంది. కోయిల ‘పరభృతః’, కాకి ‘పరభృత్’. పెంచబడ్డది, పెంచేది. చివరి ‘త’ పొల్లు ‘త్’ అయితే పిట్టే మారిపోతుంది.

కొండమల్లె: అందరూ ‘ఖాది’ పట్టుకున్నారు, ‘కుటజం’ వదిలేశారు. మేఘసందేశంలో యక్షుడు ఆషాఢ మేఘానికి అర్ఘ్యమిచ్చింది కుటజ పూలతోనే. అంటే వానకాలపు పువ్వు. చిగురు వసంతం, కుటజం వర్షం. కోయిల ఒక ఋతువు నుంచి ఇంకో ఋతువుకి పోదు అనడమే పోతనగారి ఉద్దేశం. అక్కడ తిండి ప్రసక్తే లేదు.

వేపనీడ: కవిసమయంగా (కవుల ఆనవాయితీగా) ఒప్పుకుంటాను. చెవి మాత్రం ఒప్పుకోదు. జూలై వానల్లోనూ ఇక్కడ కోయిల అరుస్తూనే ఉంటుంది.

ఉప్పలపాడు దారి: అదే పద్యంలో మందాకిని అలల మీద తూగే రాయంచ గురించిన పాదం కూడా అంతేగా. గుంటూరు పక్క మా ఉప్పలపాడు చెరువు చెట్ల మీద గూళ్ళు గూడబాతులవి, ఎర్రకాళ్ళ కొంగలవి. మందాకినిలో తూగే అంచను అక్కడ వెతకం. కోయిలని మాత్రం మామిడి మీద ఎందుకు నిలదీస్తున్నాం? ఇంతకీ ‘కోయిల చేరునే’ అనకుండా ‘సేరునే’ అన్న సొంపు ఎవరూ ఎత్తలేదు.

యతిమైత్రి: ప్రథమా విభక్తి మీది పరుషానికి (ఇక్కడ ‘చ’కు) గసడదవాదేశం (ఇక్కడ ‘స’). వ్యాకరణంలో చిన్నయసూరిగారు ‘బహుళం’ (రావచ్చు, రాకపోవచ్చు) అన్నారు కాబట్టి ‘చేరునే’ అని చదివినా తప్పులేదు. అక్కడ యతి కో–కులది, ‘సే’ మీద లేదు.

రసాలతోట: కోయిల మీద నన్నయగారి లయగ్రాహి వృత్తం చూడండి: “చూతమ్ముల లసత్కిసలయమ్ముల సుగంధి ముకుళమ్ములను నానుచు”. చిగురూ ఉంది, మొగ్గా ఉంది. ఇక్కడ క్రియ ‘ఆను’. ఆస్వాదించడం అనే నా పాఠం.

వేపనీడ: ‘ఆను’ అంటే తాకడం, ఆనుకోవడం కూడా కదండీ. ‘నానుచు’లో ద్రుతం (నకారం) తీసేస్తే మిగిలేది ‘ఆనుచు’. నన్నయగారి కోయిల మొగ్గలకు ఒళ్ళు ఆనించి కూర్చుని కూస్తోందేమో. నరమామిడి గుబురులో మగకోయిల కూర్చునేది అచ్చం అలాగే, ఆకుల్లో ఒరిగి, తోక తప్ప ఏమీ కనపడకుండా.

రసాలతోట: ‘ముదమ్మొనర’ (సంతోషం కలగగా) అని వెంటనే ఉంది. ఊరికే ఆనుకుంటే అంత ముదం ఎక్కడిది?