బధిరులతో కలిసి చేసే పౌర సామాజిక పరిశోధన: ప్రశ్నాపత్రం గురించి ఒక సందేహం

ప్రశ్న: నమస్కారం. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో ఆర్టీసీ బస్సుల్లోనూ, ఆసుపత్రుల ఓపీ కౌంటర్ల దగ్గరా బధిరులకు ఎదురవుతున్న ఇబ్బందులను అక్కడివారే నమోదు చేసేలా ఒక పౌర సామాజిక పరిశోధన మొదలుపెట్టాం. నలభై ప్రశ్నల గూగుల్ ఫామ్‌ను తెలుగులో పంపితే, తెరిచిన పన్నెండు మందిలో ముగ్గురే పూర్తి చేశారు. భాషను ఇంకా సులభం చేస్తే సరిపోతుందా? ఇంటర్వ్యూల దశలో ఒక సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్‌ను పిలవాలని కూడా అనుకుంటున్నాం.

జవాబు: నమస్కారమండీ. తెలుగును ఎంత సులభం చేసినా, పుట్టుకతోనే వినికిడి లేని చాలామందికి అది బడిలో కష్టపడి నేర్చుకున్న రెండో భాషగానే ఉంటుంది. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన వ్యాకరణం ఉంది: ‘ఎక్కడ’, ‘ఎవరు’ వంటి ప్రశ్నపదం సాధారణంగా వాక్యం చివర వస్తుంది, అవును, కాదు అని బదులివ్వాల్సిన ప్రశ్నను కనుబొమలు పైకెత్తి అడుగుతారు. కాబట్టి ‘పాక్షికంగా అంగీకరిస్తాను’ వంటి గడులను పక్కనపెట్టి, ప్రతి ప్రశ్ననూ సంజ్ఞల్లో చిన్న వీడియోగా తీసి, జవాబును కూడా వీడియోలోనే పంపమనండి. ఆ వీడియోల్లో ప్రశ్నలు అడిగేది బధిరులే కావాలి.

అసలు లోపం భాషకంటే ముందే ఉందని నాకనిపిస్తోంది. ఆ నలభై ప్రశ్నలనూ వినగలిగినవారే తయారుచేసినట్లుంది. బస్సులో స్టాపు పేరు ప్రకటించకపోవడం బధిరులకు సమస్యే కాకపోవచ్చు; బస్సు మధ్యలో చెడిపోయినప్పుడు అందరూ దిగి ఎటు వెళ్తున్నారో తెలియకపోవడం పెద్ద సమస్య కావచ్చు. ఏది అడగాలో నిర్ణయించే సమావేశంలోనే కనీసం సగం మంది బధిరులు ఉండాలి, వారికి పారితోషికమూ ఇవ్వాలి. ఇంటర్‌ప్రెటర్‌ను కూడా ఆ మొదటి రోజే పిలవండి. చివర్లో పిలిస్తే మీరు తేల్చేసుకున్న విషయాలను బధిరులకు తెలియజేయడానికే ఆయన పనికొస్తారు. సమావేశం గంట దాటేట్టయితే ఇద్దరు కావాలి, ఎందుకంటే ఒక్కరే చేస్తే అలసట వల్ల తప్పులు దొర్లుతాయి. అన్నయ్యనో అమ్మనో ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోబెట్టకండి. ఇంట్లోవారి ఎదుట చాలామంది మనసు విప్పరు.

ప్రశ్న: వీడియో జవాబుల్లో ముఖాలను మసక చేస్తే గోప్యత సమస్య తీరుతుందా అండీ?

జవాబు: తీరదండీ. సంజ్ఞా భాష వ్యాకరణంలో కొంత ముఖం మీదే ఉంటుంది. ముఖం మసకైతే ప్రశ్నో జవాబో కూడా తెలియదు. అసలు వీడియోలను బృందం దగ్గరే ఉంచి, ఇచ్చినవారు సరిచూసి ఒప్పుకున్న తెలుగు పాఠాన్ని మాత్రమే బయటపెట్టడం మేలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనో చదివే వీలుండాలని ఆ చట్టం చెబుతుంది, కానీ సంజ్ఞా భాష ఆ షెడ్యూలులో లేదు. అందువల్ల చట్టం అడగకపోయినా సమ్మతి పత్రాన్ని సంజ్ఞల్లో వీడియో తీసి చూపించడం మన బాధ్యత.

ఇంకొక్క మాట. సమావేశంలో కుర్చీలను గుండ్రంగా వేయండి, కిటికీకి వీపు పెట్టి ఎవరినీ కూర్చోబెట్టకండి. వెనక వెలుతురుంటే చేతులూ ముఖమూ నీడలో పడతాయి.