జావా వేపుడన్నం తియ్యగా ఎందుకుంటుంది?

ప్రశ్న (గుంటూరు): ఇండోనేషియాలో ఉద్యోగం చేసి వచ్చిన మా చిన్నాన్నగారు మొన్న ఇంట్లో నాసి గోరెంగ్ (అక్కడి వేపుడన్నం) చేశారు. అది మన ఫ్రైడ్ రైస్‌లా తెల్లగా కాక, ముదురు గోధుమరంగులో, తియ్యగా, ఎండురొయ్యల వాసనతో ఉంది. అక్కడి జావా దీవివారి పద్ధతి ఇదేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (విజయవాడ): అవునండి, జావా పద్ధతి అదే. ఆ రంగూ తీపీ కెచాప్ మానిస్ వల్ల వస్తాయి. అది సోయా రసంలో తాటిబెల్లంలాంటి బెల్లం కలిపి చిక్కగా కాచిన పాకం. వాసన ‘తెరాసి’ అనే రొయ్యల ముద్దది. రొయ్యలను ఉప్పువేసి పులియబెట్టి చేసే ఆ ముద్దను చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, మిరపకాయలతో కలిపి రోట్లో నూరి, పచ్చివాసన పోయి నూనె తేలేదాకా వేయించిన తరువాతే చద్దన్నం వేస్తారు. రాత్రి అన్నమైతే మెతుకు విడివిడిగా ఉండి పాకం సమంగా పడుతుంది, వేడన్నం ముద్దవుతుంది. పెద్ద మంట మీద మూకుడులో వేయించే పద్ధతి అక్కడ స్థిరపడిన చైనీయుల నుంచి వచ్చిందంటారు, కానీ నూరిన ముద్ద మాత్రం అచ్చంగా ఆ దీవులదే.

మరో జవాబు (గుంటూరు): ప్రాంతాన్నిబట్టి ఇది మారుతుంది. మధ్య జావాలోని మాగెలాంగ్ పేరుతో పిలిచే రకంలో అన్నంతోపాటు నూడుల్స్ కూడా వేస్తారు. సులవేసి దీవిలోని మకస్సర్‌లో టమాటా, మిరప సాస్‌లతో ఎర్రగా చేస్తారు. తెరాసి దొరకకపోతే ఎండు రొయ్యపొట్టును దోరగా వేయించి దంచి వాడండి. నేను అలాగే చేస్తాను.