చంద్రముఖి తర్వాత వచ్చినవి ఎందుకు భయపెట్టలేకపోయాయి?

గవాక్షం:
వేసవి సెలవులకి మా పిన్ని కొడుకు వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు. దెయ్యం సినిమా పెట్టన్నయ్యా అంటే వరసగా మూడు రాత్రులు మూడు చూపించాను: చంద్రముఖి, నాగవల్లి, చంద్రముఖి 2. మొదటి రాత్రి బాత్రూమ్‌కి తోడు రమ్మని నన్ను లేపాడు. రెండో రాత్రి ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఫోన్ మీద. మూడో రాత్రి సగం సినిమాకే గురక.

2005లో చంద్రముఖి చూసినప్పుడు నాకు ఏడేళ్లు. మా ఊరి హాల్లో, అమ్మ పక్కన. జ్యోతిక బయటికి వెళ్తానంటుంది, ప్రభు వద్దంటాడు. ఏ ఇంట్లోనైనా జరిగే గొడవే. అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆవిడ గొంతు మారిపోతుంది, కళ్లు ఇంతేసి అవుతాయి, ఒంటి చేత్తో మంచం పైకి లేపేస్తుంది. రజనీ కనిపించినప్పుడల్లా ఈలలు వేసినవాళ్లు కూడా ఆ సీన్లో కిక్కురుమనలేదు. నేను అమ్మ కొంగు మొహం మీదకి లాక్కుని, ఆ నేత చీర సందుల్లోంచి చూశాను.

చిన్నప్పుడు చూశాం కాబట్టి భయం వేసింది అనుకుందామంటే మా తమ్ముడు చూసింది మొన్ననే కదా. పోనీ వేరేవాళ్లు తీసి పాడుచేశారా అంటే మూడూ పి.వాసువే. 2010 నాగవల్లిలో వెంకటేష్, అనుష్క. 2023 చంద్రముఖి 2లో లారెన్స్, కంగనా, పైగా కీరవాణి సంగీతం. మరి తేడా ఎక్కడ కొట్టింది?

మెయిన్ స్విచ్:
చంద్రముఖిలో అసలు దెయ్యమే లేదు తమ్ముడూ. అక్కడే ఉంది కిటుకంతా.

జ్యోతిక వేసిన గంగకి ఉన్నది జబ్బు. ఎప్పుడో చచ్చిపోయిన నాట్యగత్తె కథ విని, ఆ కథలోకి తనే దిగిపోయింది. సగం సినిమా దాకా మన అనుమానం నయనతార మీద ఉంటుంది, గంగ వైపు చూడం కూడా. చివరికి వైద్యం కూడా ఆమె నమ్మకాన్ని అడ్డం పెట్టుకునే చేస్తారు, పగ తీరిపోయిందని ఆమె మనసుని ఒప్పిస్తారు. మన ఇంట్లో మనిషికే ఇలా అయితే అన్న భయం ఇంటిదాకా వస్తుంది. తాయెత్తు కట్టుకుంటే పోయేది కాదు.

నాగవల్లిలో ఏముంది? ఆ నాట్యగత్తె పటం ఇల్లు మారుతుంది, పెద్ద పాము బుసకొడుతుంది, వందేళ్లు దాటిన రాజు ఇంకా బతికే ఉంటాడు. చంద్రముఖి 2లో ఏకంగా రెండు ఆత్మలు ఇద్దరి ఒంట్లోకి దూరి తలపడతాయి. డాక్టర్ని పంపించేసి భూతవైద్యుణ్ణి పిలిచారన్నమాట.

సెకండ్ షో:
చంద్రముఖిని పట్టుకుని సీక్వెల్స్ అన్నిటినీ తిట్టకండి బాబూ. లారెన్స్‌దే చూడండి. 2007లో ముని వచ్చింది, ఇవాళ ఎవరికి గుర్తు? దాని తర్వాత 2011లో వచ్చిన కాంచన ఇప్పుడు టీవీలో వేసినా మా నాన్నమ్మ వంట ఆపేసి వచ్చి కూర్చుంటుంది. శరత్‌కుమార్ ఫ్లాష్‌బ్యాక్ దగ్గర ఏడుస్తుంది కూడా. హిందీలో అక్షయ్‌కుమార్‌తో తీసిందీ ఆ రెండోదాన్నే, మునిని కాదు.

మా ఊరి పొలిమేర సంగతో? 2021లో మొదటిది నేరుగా ఓటీటీలోకి వచ్చేసింది. సత్యం రాజేష్ హీరో ఏంటి అనుకున్నారు జనం. 2023లో రెండోది హాళ్లకొచ్చింది, మా బావ మొదటి రోజే లాక్కెళ్లాడు. కథ మధ్యలో ఆపి వదిలారు కాబట్టి మిగతాది చూడాలనిపించింది. చంద్రముఖి కథ అక్కడికే అయిపోయింది, అయిపోయినదాన్ని ఎంతని సాగదీస్తారు?

రాజు గారి గది 2 అయితే పేరు మాత్రమే సీక్వెల్. అది మలయాళం ప్రేతమ్‌కి రీమేక్.

మైలాపూర్ అల్లుడు:
చెన్నైలో ఉంటున్న తెలుగువాణ్ణి, నా రెండు పైసలు.

చంద్రముఖికి మూలమైన 1993 నాటి మణిచిత్రతాళులో సినిమా మలయాళం, శోభన ఒంట్లోకొచ్చే నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. ఆ పాత్రకే ఆమెకి జాతీయ అవార్డు వచ్చింది. అదే కథ తమిళానికి వచ్చేసరికి చంద్రముఖి తెలుగు నాట్యగత్తె. ఇక్కడివాళ్లకి ‘రా రా’ పాట తెలుగులోనే వినిపిస్తుంది. మనకి డబ్బింగులో వచ్చిందేమో ‘వారాయ్’ అని తమిళంలో! ఎవరి దెయ్యమైనా పక్క రాష్ట్రం నుంచే వస్తుంది చూడండి. మా ఆవిడ తమిళం, కోపం వస్తే తన భాషలోకి మారిపోతుంది. అప్పుడు నేను మంచానికి కాస్త దూరంగా నిలబడతాను.

ఒక మాట. నాగవల్లికి మూలం కన్నడ ఆప్తరక్షక. అక్కడ అది పెద్ద హిట్. దాని హీరో విష్ణువర్ధన్ 2009 డిసెంబర్‌లో పోయారు, సినిమా 2010 ఫిబ్రవరిలో వచ్చింది. ఆయన్ని ఆఖరిసారి చూసుకోవడానికి వెళ్లినవాళ్లే ఎక్కువమంది ఉంటారు. ఆ ప్రేమని రీమేక్ చేయలేరుగా.

గవాక్షం:
@మెయిన్ స్విచ్ మీరు చెప్పింది తమ్ముడికి చదివి వినిపించాను. “అంటే అక్కడ దెయ్యం లేదా?” అని కాసేపు ఆలోచించి, “అయితే ఇంకా భయంగా ఉంది” అన్నాడు.

@మైలాపూర్ అల్లుడు డబ్బింగు ‘వారాయ్’ ఇన్నాళ్లూ నేను దెయ్యం భాష అనుకున్నాను. ఏడేళ్లప్పుడు నాకు తమిళం అని ఎవరూ చెప్పలేదు.

ఇవాళ రాత్రికి మణిచిత్రతాళు. సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటు దొరికింది. బాత్రూమ్ లైటు వేసే ఉంచుతున్నాను, వాడి కోసమే.