సమస్యాపూరణం: రగ్బీ మైదానంలో తేటగీతి

సమస్య (తే.గీ.): “వెనుక విసరిన బంతియే విజయమిచ్చె”

నిర్వాహకుడు: ఈసారి రగ్బీ లీగ్. జట్టుకు 13 మంది. చేత్తో బంతిని ముందుకు విసిరితే తప్పు. పక్కకో వెనక్కో అందించి, మనిషే ముందుకు పరుగెత్తాలి. అందుకే ఈ పాదం తట్టింది. ఆటగాడిగా మొదలై కోచ్ అయిన ఆర్థర్ బీట్సన్ మీద పూరించండి. 1945లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, రోమా అనే ఊళ్లో పుట్టాడు. దేశపు జట్టుకు కెప్టెన్ అయిన తొలి ఆదివాసీగా పేరు. నాకు చాలా ఇష్టమైన మనిషి.

మొదటి పూరణ:

ముగురు పట్టినఁ గూలక మొనను నిలిచి
చేయి విడిపించి బీట్సను చిటికెలోన
పరుగు తీసెడి జతగాని వైపు నొసఁగె
వెనుక విసరిన బంతియే విజయమిచ్చె

నిర్వాహకుడు: ధార బాగుంది. అవతలివాళ్లు పట్టుకుని లాగుతున్నా బంతిని తోటివాడికి అందించేయడం బీట్సన్ ప్రత్యేకతే, దాన్ని పట్టుకున్నారు. మూడో పాదంలో ప-వై యతి చెల్లింది. కానీ ‘వైపు నొసఁగె’ అతకలేదు. ఒకరికి ఒసఁగుతాం, ఒకరి వైపు కాదు. ‘జతగాని పరము చేసె’ అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ కుదురుతుంది.

మొదటి కవి: నిజమే గురువుగారూ, మార్చుకున్నాను. ధన్యవాదాలు.

మరో సభ్యురాలు: పద్యం బాగుంది అన్నయ్యా, కానీ ఇందులో కోచ్ ఏడీ? నా ప్రయత్నం చూడండి.

ముప్పదైదేండ్ల వయసున ముందు నడిచి
పిదప గురువయి నేర్పించె నందఱికిని
తాను నేర్చిన మెలకువ దాచకుండ
వెనుక విసరిన బంతియే విజయమిచ్చె

బీట్సన్ క్వీన్స్‌లాండ్ బిడ్డే అయినా సిడ్నీ క్లబ్బుల్లో ఆడడం వల్ల అన్నాళ్లూ ఆ నగరమున్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం తరఫునే దిగాల్సి వచ్చింది. సొంత రాష్ట్రం తరఫున ఆడనిచ్చే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీ 1980 జూలై 8న బ్రిస్బేన్ లాంగ్ పార్క్‌లో మొదలైంది. 35 ఏళ్ల వయసులో క్వీన్స్‌లాండ్ కెప్టెన్‌గా దిగి 20-10తో గెలిపించాడు. 1981 నుంచి 1984 వరకు అదే జట్టుకు కోచ్. వాలీ లూయిస్ కెప్టెన్‌గా 1982, 1983, 1984 సిరీస్‌లు మూడూ గెలిచారు. నా పద్యంలో ‘వెనుక’ అంటే ఆయన వెనుక వచ్చిన తరం.

నిర్వాహకుడు: ‘వెనుక’కు ఈ అర్థం ఎవరు తెస్తారా అని పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నానమ్మా! ఎంతో సంతోషం. అయితే రెండో పాదంలో యతి తప్పింది. ‘పి’కి ‘నం’ చెల్లదు. పైగా ‘అందఱికిని’ అనగానే మీరు చెప్పిన వెనుక తరం చెదిరిపోతోంది. ‘పిన్నలు’ అని చూడండి.

సభ్యురాలు: సవరించాను.

ముప్పదైదేండ్ల వయసున ముందు నడిచి
పిదప గురువయి నేర్పించెఁ బిన్నలకును
తాను నేర్చిన మెలకువ దాచకుండ
వెనుక విసరిన బంతియే విజయమిచ్చె