గెడ్డ పూడ్చిన చోట ఇళ్లు తీసేయాల్సిందేనా?

నాగావళి గట్టు:
కిందటి వారం వానకి ఒడిశాలో మా రాయగడ శివార్లలో మా వీధిలోకి అరగంటలో నడుం లోతు నీళ్లొచ్చాయి. నాగావళి పొంగి కాదు. కొండ మీద నుంచి దిగే గెడ్డకి, అంటే వాగుకి, దారి లేక. ఎనిమిదేళ్ల కిందట దాన్ని పూడ్చి ప్లాట్లు వేశారు. ఆ వరస ఇళ్లు తీసేసి గెడ్డని గెడ్డకి వదిలేయాలని నా మాట. మీరేమంటారు?

పక్కా పట్టా:
అన్నా, ఆ వరసలో ఇల్లు నాదే. అప్పు చేసి కొన్నాను. పట్టాలో ఘరబారి, అంటే ఇళ్ల స్థలం అని ఉంది, ప్రభుత్వ భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో చూసుకోండి. గెడ్డ ఎవరూ పూడ్చలేదు, రోడ్డు కింద రెండు తూములు వేసి మళ్లించారు.

నాగావళి గట్టు:
రెండు కాదు, ఒక్కటే.

పక్కా పట్టా:
రెండు. రెండోది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన తుప్పల్లో ఉంది.

తేరువలి కుర్రాడు:
2017 జులైలో తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనలే కొట్టుకుపోయాయి. తూములు ఒకటైతే ఏంటి, రెండైతే ఏంటి?

నాగావళి గట్టు:
అదే నేను చెప్పేది తమ్ముడూ. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీళ్లు. పైన కొండంతా రాయి, చెట్లు కొట్టేశారు, నేలలోకి ఇంకేది తక్కువ, అంతా కిందికే దొర్లుతుంది. మా చిన్నప్పుడు ఆ గెడ్డలో రెండెడ్ల బళ్లు పక్కపక్కన దిగేవి. ఇప్పుడు నేను వంగి దూరేంత తూము పెట్టారు. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉంటుంది కదా, అది గెడ్డ అని జనం మర్చిపోయారు.

గుణుపురం కోడలు:
మా వంశధార వైపూ ఇదే కథ.

పక్కా పట్టా:
మునిగింది మీరొక్కరేనా? మా ఇంట్లో ఫ్రిజ్ పడిపోయి తేలింది. పాప టెన్త్ పుస్తకాలు ఒక్కో పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెడుతున్నాం, ఇంకా బురద వాసనే. వచ్చి ఫోటోలు తీసుకున్న ఆఫీసు మనిషి గోడలు నిలబడే ఉన్నాయిగా అని వెళ్లిపోయాడు. ప్లాట్లు వేస్తున్నప్పుడు మీరంతా ఎందుకు నోరు మెదపలేదు? ఇప్పుడు నా ఇల్లు కూల్చమంటారా?

నాగావళి గట్టు:
అర్జీ పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత నువ్వు ప్రహరీ కట్టావు చూడు, అప్పటి నుంచే నీళ్లు మా వైపు తిరిగాయి. నీ గోడే మమ్మల్ని ముంచింది!

పక్కా పట్టా:
నా జాగాలో నా గోడ. మాటలు జాగ్రత్త.

కింది బస్తీ:
అన్నయ్యలూ, నిన్నటి నుంచి చదువుతున్నాను. ఆ నీళ్లన్నీ చివరికి మా మీదకే వచ్చాయి. అమ్మ బియ్యం డ్రమ్ము గెడ్డలో పోయింది, మూత మాత్రం దొరికింది. పక్కా ఇల్లు 15 శాతమైనా దెబ్బతింటే 6,500, కచ్చా ఇల్లయితే 4,000 అని సాయం లెక్క ఉంది. అదీ అనుమతి ఉన్న ఇళ్లకే. మాకు కాగితం లేదు కాబట్టి ఆ నాలుగు వేలూ రావన్నారు. బస్తీలకి భూమి హక్కు ఇవ్వాలని 2017లో చట్టం వచ్చింది, మా దగ్గర కొలిచి వెళ్లారు, అంతే. గెడ్డలో ఇళ్లు తీసేయండని మీరంటే ముందు ఎవరి ఇళ్లు తీస్తారు? పట్టా ఉన్నవాళ్లవా?

నాగావళి గట్టు:
నేనన్నది ప్లాట్ల గురించమ్మా, మీ గురించి కాదు.

కింది బస్తీ:
మేమూ గెడ్డ ఒడ్డునే ఉన్నాం కదన్నయ్యా. మీరన్న మాట మాకూ తగులుతుంది.

నాగావళి గట్టు:
తగులుతుంది, నిజమే. అయినా గెడ్డ మీద ఇల్లు ఉండకూడదనే నా మాట. మీకు మాత్రం ముందు వేరే చోటు చూపించాలి, ఆ తర్వాతే ఎవరిదైనా ముట్టుకోవాలి.

పక్కా పట్టా:
పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను. రెండో తూము ఉంది. దాని నోరు మా ప్రహరీ పునాదికి ఆనుకుని మట్టితో మూసుకుపోయింది. ఆ మేర గోడ కొట్టించేస్తాను. ఇల్లు మాత్రం తీయను.

కింది బస్తీ:
కొట్టించే ముందు రోజు చెప్పండి అన్నయ్యా. ఆ తూము తెరిస్తే నీళ్లు సూటిగా మా వాకిట్లోకే వస్తాయి.