షిఫ్ట్ డ్యూటీ చేసుకుంటూ గోల్ఫ్ పోటీలు ఆడటం కుదురుతుందా?

పైడిభీమవరం క్యూసీ:
అందరికీ నమస్కారం. ఫార్మా కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) ఉద్యోగం, ఇల్లు శ్రీకాకుళంలో. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆఫీసు వాళ్లతో వెళ్తూ గోల్ఫ్ అలవాటైంది. ఇటు వచ్చాక కిట్టు మంచం కిందకి చేరింది. వయసు నలభై దాటింది కాబట్టి ప్రొఫెషనల్ అయిపోవాలనే ఆశలేమీ లేవు. కానీ ఊరికే కొట్టి రావడం కాకుండా పోటీల్లో ఆడాలని ఉంది. 18 హోళ్లకు 105 నుంచి 115 స్ట్రోకుల (దెబ్బల) దాకా పడుతుంది, ఈ స్కోరుతో వెళ్తే నవ్వుతారేమో. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే స్ట్రోకుల లెక్క) ఉంటేనే ఎంట్రీ అంటున్నారు, అది ఎవరిస్తారు? ఇంకోటి, తెలిసినవాళ్లు పెడుతున్న ఒక టోర్నమెంట్‌లో హ్యాండిక్యాప్ విభాగంలో గెలిస్తే నగదు బహుమతి అట. తీసుకోవచ్చా?

రాజాం బావ:
నవ్వేది స్కోరు చూసి కాదు గురూ. ఆ కిట్టు భుజాన వేసుకుని కాంప్లెక్స్‌లో బస్సెక్కు, కండక్టరు గేలం కర్రలా అని అడక్కపోతే అప్పుడు చెప్పు.

కంటోన్మెంట్ మాస్టారు:
బాబూ, 105 కొట్టేవాళ్లు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. చాలామంది బయటికి చెప్పుకోరు, అంతే. నీ ప్రశ్నల్లో అసలైనది హ్యాండిక్యాప్, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

హ్యాండిక్యాప్ ఎవరికి వాళ్లు లెక్కేసుకుని చెప్పుకునేది కాదు. మన దేశంలో గోల్ఫ్ వ్యవహారాలు చూసేది ఇండియన్ గోల్ఫ్ యూనియన్. దానికి అనుబంధంగా ఉన్న క్లబ్ ద్వారా రావాలి. మనకు దగ్గరలో 18 హోళ్ల కోర్సంటే విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. ప్రొఫెషనల్ టూర్ వాళ్లు కూడా ఆడిన కోర్సు. నీకైతే హైవే మీద నేరుగా హనుమంతవాక వచ్చి, అక్కడ ఆరిలోవ వైపు తిరిగితే సరిపోతుంది. ముందు ఆఫీసుకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కో: బయటివాళ్లు ఆడటానికి కట్టే గ్రీన్ ఫీజు ఎంత, సభ్యుడు తోడు ఉండాలా, హ్యాండిక్యాప్ తెరవాలంటే ఎలాంటి సభ్యత్వం కావాలి. ఫీజుల గురించి పాత కబుర్లు నమ్మి బయల్దేరకు.

2020లో ప్రపంచమంతా ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి మొదలైంది. దాని ప్రకారం మొత్తం 54 హోళ్ల స్కోర్లు ఇస్తే మొదటి ఇండెక్స్, అంటే నీ హ్యాండిక్యాప్ అంకె వస్తుంది. అంటే 18 హోళ్ల స్కోరు కార్డులు మూడు. షిఫ్టుల వాడివి కాబట్టి ఇది గుర్తుపెట్టుకో, 9 హోళ్ల కార్డులు కూడా చెల్లుతాయి. పొద్దున్నే వెళ్లి తొమ్మిదే ఆడి బి షిఫ్టుకు వచ్చేసినా ఆ కార్డు వృథా కాదు. కాకపోతే ఒంటరిగా ఆడిన రౌండు పనికిరాదు, పక్కన ఆడినవాళ్లు కార్డు మీద సంతకం పెట్టాలి. ఇండెక్స్ గరిష్ఠంగా 54.0 దాకా ఇస్తారు, అంటే నీలాంటివాళ్లకు చోటు బోలెడు.

చీపురుపల్లి లెక్కల టీచర్:
మాస్టారు చెప్పినదానికి లెక్క నేను చేసి చూపిస్తాను, నాకు ఈ ఆటలో నచ్చిందే అది. ప్రతి కోర్సుకూ రెండు అంకెలుంటాయి, కోర్సు రేటింగ్ (ఆరితేరినవాళ్లకు పట్టే స్ట్రోకులు), స్లోప్ (మామూలువాళ్లకు అది ఇంకెంత కష్టమో చెప్పేది). ఉదాహరణకు రేటింగ్ 71, స్లోప్ 120, పార్ (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకులు) 72 అనుకోండి. మీరు 105 కొట్టారు. 105 లోంచి 71 తీసేస్తే 34. దాన్ని 113తో గుణించి 120తో భాగిస్తే 32.0. మూడు కార్డుల్లో ఇదే అతి తక్కువైతే దాంట్లోంచి 2 తీసి 30.0 ఇండెక్స్ ఇస్తారు. కార్డులు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుని సగటు చూస్తారు.

ఇక పోటీ రోజు. 30ని 120తో గుణించి 113తో భాగించి, రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా ఒకటి తీసేస్తే సుమారు 31. హోల్‌కు ఇన్ని పాయింట్లని లెక్కేసే స్టేబుల్‌ఫోర్డ్ పోటీలో అందులో 95 శాతం ఇస్తారు కాబట్టి 29 స్ట్రోకులు. ప్రతి హోల్‌కూ ఒకటి చొప్పున 18 పోగా, మిగిలిన 11 కష్టమైన హోళ్లకు ఇంకొకటి చొప్పున కలుస్తాయి. ఏది ఎంత కష్టమో కార్డు మీదే స్ట్రోక్ ఇండెక్స్ అని వేసి ఉంటుంది.

మాస్టారూ, నాదో సందేహం. ఆడవాళ్లకు ఇవే అంకెలా?

కంటోన్మెంట్ మాస్టారు:
కాదు టీచర్ గారూ. ఒకే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడినా ఆడవాళ్లకు రేటింగ్, స్లోప్ వేరే ఉంటాయి. కార్డు మీద ఆ వరస చూసుకోవాలి. అందుకే మీరూ ఈయనా ఒకే పోటీలో సమానంగా తలపడొచ్చు. అప్పుడు ఎవరు గెలుస్తారో చెప్పి ఈయనతో మాట పడలేను.

రాజాం బావ:
అయితే ఓ ఐడియా. కావాలని చెత్తగా ఆడి హ్యాండిక్యాప్ పెంచేసుకుని, పోటీ రోజు అసలు ఆట తీస్తే కప్పు మనదే కదా?

కంటోన్మెంట్ మాస్టారు:
నీలాంటి బావలు ఉంటారని తెలిసే చేశారు ఆ నిబంధనలు. సగటు తీసేది మంచి స్కోర్లకే, చెడ్డవి ఎన్ని పోగేసినా కొంతవరకే లాభం. ఒక రౌండు లెక్క ఇండెక్స్ కంటే 7 నుంచి 9.9 దాకా తక్కువ వస్తే మిషనే ఇండెక్స్‌లోంచి ఒకటి కోసేస్తుంది, 10 గానీ అంతకు మించి గానీ అయితే రెండు. ఆ పైన క్లబ్ కమిటీకి కూడా సవరించే హక్కు ఉంది. అన్నిటికంటే ముందు, ఇంకెవరూ నీతో ఆడరు.

పైడిభీమవరం క్యూసీ:
చాలా థాంక్స్. ఇప్పుడు ఏ పోటీకి వెళ్లాలి? ప్రాక్టీసు ఎక్కడ? వీక్లీ ఆఫ్ మంగళవారం. డాబా మీద క్రికెట్ నెట్ కడదామనుకుంటున్నాను.

కంటోన్మెంట్ మాస్టారు:
ఆగు, నెట్ కొనకు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. క్రికెట్ నెట్లలో చాలావాటి కన్నాలు అంతకంటే పెద్దవి. బంతి దూరిపోయి పక్కింటి వాటర్ ట్యాంకుకో, మనిషికో తగిలితే నువ్వు ఆడే మొదటి పోటీ పోలీస్ స్టేషన్‌లోనే. గోల్ఫ్ కోసమే నేసిన సన్న కన్నాల నెట్ కొను, లేదా డాబా మీద ఫోమ్ బంతులతో సరిపెట్టుకో. మున్సిపల్ గ్రౌండు ఊసే ఎత్తకు, అక్కడ పిల్లలు తిరుగుతుంటారు.

నా ఉద్దేశంలో నీకు నెట్ అంత అవసరమూ లేదు. 105లో సగానికి పైగా స్ట్రోకులు గ్రీన్ (హోల్ ఉండే సన్న గడ్డి చోటు) చుట్టుపక్కలే ఖర్చవుతుంటాయి, ఈసారి ఆడినప్పుడు కార్డు పక్కన గీతలు పెట్టి చూడు. బంతిని హోల్‌లోకి దొర్లించే పుటింగ్‌కు కోర్సు అక్కర్లేదు. హాల్లో చాప పరుచుకుని, చిన్న స్టీలు గ్లాసు పెట్టుకుని రోజూ కాసేపు కొట్టు. అసలు హోల్ 108 మిల్లీమీటర్లు, గ్లాసుకు అలవాటు పడ్డాక అది చెరువులా కనిపిస్తుంది. పొడుగు కొట్టడం మీద మోజు మనవాళ్లందరికీ ఉంది. క్రికెట్ కెప్టెన్ విజ్జీ ఊరివాళ్లం కదా, చేతికి ఏం తగిలినా సిక్సరు కొట్టాలనిపిస్తుంది.

పోటీ అయితే మొదట స్టేబుల్‌ఫోర్డే ఎంచుకో. మొత్తం స్ట్రోకులు లెక్కించే పోటీలో ఒక్క హోల్‌లో పదకొండు పడితే రోజంతా పోయినట్టే. దీంట్లో అలా కాదు. నీకు రెండు స్ట్రోకులు కలిసే పార్ 4 మీద 6 కొడితే, ఆ రెండూ పోను 4, రెండు పాయింట్లు. 7 కొడితే ఒకటి. 8 అంటే సున్నా, బంతి జేబులో వేసుకుని తర్వాతి టీకి నడువు. టెన్షన్ అక్కడే తగ్గుతుంది. మొత్తం 36 పాయింట్లు వస్తే హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడినట్టు.

పోటీలు ఎక్కువగా ఆదివారాలే. మంగళవారం ఆఫ్ ప్రాక్టీసుకు బంగారం, ఆ రోజు కోర్సు ఖాళీగా ఉంటుంది. పోటీ వారం మాత్రం ఎవరితోనైనా డ్యూటీ మార్చుకో. రౌండు నాలుగు గంటలు దాటుతుంది, దారి వేరే. నైటు దిగి నేరుగా వచ్చి ఆడే పని పెట్టుకోకు. మార్చి దాటాక మన ఎండలో తొమ్మిదో హోల్‌కే కళ్లు తిరుగుతాయి.

చీపురుపల్లి లెక్కల టీచర్:
కార్డు సంగతి నేను కలుపుతాను. ఏ హోల్‌కు ఎన్ని కొట్టారో అది తప్పకూడదు. అసలు కంటే తక్కువ వేసి సంతకం పెడితే మామూలుగా పోటీలోంచే తీసేస్తారు. కూడిక తప్పితే మాత్రం ఏమీ కాదు, అది కమిటీ పని. 2023 నుంచి కార్డు మీద హ్యాండిక్యాప్ వేయడం కూడా ఆటగాడి బాధ్యత కాదు.

కంటోన్మెంట్ మాస్టారు:
అవును. బ్యాగులో 14 క్లబ్బులకు (కొట్టే కర్రలకు) మించితే పెనాల్టీ, తక్కువుంటే ఎవరూ ఏమీ అనరు. సగం సెట్టుతోనే రా. తుప్పల్లో బంతి వెతకడానికి ఇచ్చేది మూడు నిమిషాలు. పోయిందేమో అనిపిస్తే ముందుకు నడవకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకోటి కొట్టు.

ఇక నగదు. 2022 నుంచి అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని ఆటగాడు) నిబంధనలు సడలాయి కానీ నీ విషయంలో కాదు. హ్యాండిక్యాప్ లేకుండా ఆడే స్క్రాచ్ పోటీల్లో మాత్రమే అమెచ్యూర్ నగదు తీసుకోవచ్చు, అదీ వెయ్యి డాలర్ల పరిమితి దాకా. హ్యాండిక్యాప్ పోటీలో నగదు అసలు కూడదు. తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుంది. కప్పో, వస్తువో, షాపు వోచరో అయితే అదే పరిమితిలో ఫరవాలేదు. నిర్వాహకులకు ఇప్పుడే చెప్పు, వోచరుగా మార్చడం వాళ్లకు పెద్ద పనేం కాదు.

పైడిభీమవరం క్యూసీ:
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను మాస్టారూ, మారుస్తామన్నారు. వచ్చే ఆదివారం డ్యూటీ కూడా మార్చుకున్నాను. మొదటి కార్డుకు సంతకం పెట్టే మనిషి కావాలి.

కంటోన్మెంట్ మాస్టారు:
నేనూ, మా తోడల్లుడూ వెళ్తున్నాం, కారులో ఒక సీటుంది. తెల్లారి ఐదున్నరకు తగరపువలసలో హైవే మీద ఉండు.

రాజాం బావ:
నాకు?

కంటోన్మెంట్ మాస్టారు:
డిక్కీలో కిట్లు ఉంటాయి బావా.